పాత ల్యాప్‌టాప్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీ: ముందు రాత్రి పని, మరునాటి పని

మా మేనకోడలు ఇక్కడే అనంతపురం జేఎన్‌టీయూలో బీటెక్ రెండో సంవత్సరం. వాళ్లన్న వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఆ పిల్ల వంతుకొచ్చింది. ఎండాకాలంలో ఒకరోజు దాన్ని చంకన పెట్టుకొని టవర్ క్లాక్ దగ్గరున్న నా డీటీపీ సెంటర్‌కు వచ్చింది. "మామా, ఇది ఆన్ చేసి, బొరుగులు నానేసి, ఉగ్గాని చేసుకొని తిని, గిన్నె కడిగి బోర్లించేదాకా డెస్క్‌టాప్ రాదు. కొత్తది కొనియ్యమని నాయనకు నువ్వే చెప్పు" అనింది. మా బావకు నేనేం చెప్పలేదు. ఒక శనివారం రాత్రి, ఒక ఆదివారం పొద్దున కూర్చొని దాంట్లో హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేశాం, విండోస్ కొత్తగా ఎక్కించాం. ఇప్పుడు తిరగమాత చిటపటలాడేలోపే డెస్క్‌టాప్ వచ్చేస్తోంది.

ఆ రెండు పూటల పని వరసగా చెబుతాను, మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. స్క్రూడ్రైవర్ పట్టే పని అరగంటే. ముందు రాత్రి చేసేదే పెద్ద పని, చాలామంది ఎగ్గొట్టేదీ దాన్నే. అందుకని దాని దగ్గర నేను కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

మీ ల్యాప్‌టాప్‌కు ఇది అవసరమేనా

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్‌కు వెళ్లి డిస్క్ అన్నచోట చూడండి. హెచ్‌డీడీ (అంటే హార్డ్ డిస్కు) అని ఉండి, మీరేమీ చేయకపోయినా వాడకం 100 శాతం దగ్గరే కొట్టుకుంటూ ఉంటే జబ్బు దొరికినట్టే. అప్పటికే ఎస్‌ఎస్‌డీ అని ఉంటే ఇక్కడితో ఆగండి. మీ బాధ ర్యామ్‌ది కావచ్చు, ఫ్యానులో పేరుకున్న దుమ్ముది కావచ్చు. మన వైపు దుమ్ము సంగతి నేను చెప్పాలా!

హార్డ్ డిస్కు ఎందుకంత నెమ్మదో చెబుతాను. అందులో పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, ఒక ముల్లు దాని మీద అటూ ఇటూ కదిలి ఫైలు ఎక్కడుందో వెతుక్కుంటుంది. పెద్ద సినిమా ఫైలు ఒక్కటే ఐతే సెకనుకు 100 ఎంబీ దాకా చదువుతుంది, అది తక్కువేం కాదు. కానీ విండోస్ లేచేటప్పుడు కావలసింది వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు. రికార్డు రూములో అటెండరు ఒక్కో కాగితానికీ లేచి వెళ్లి, బీరువా వెతికి, తెచ్చి, మళ్లీ లేచి వెళ్లినట్టు ఉంటుంది. అలా సెకనుకు వంద సార్లు తిరగడమే దానికి గగనం. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు. అన్నీ చిప్పులే. అందుకే ప్రాసెసర్ పాతదే ఐనా, మెషీన్ కొత్తదైనట్టు అనిపిస్తుంది.

రెండు సందర్భాల్లో మాత్రం డబ్బు పెట్టొద్దంటాను. స్టోరేజ్ ఈఎంఎంసీ ఐతే అది బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడానికి రాదు. 4 జీబీ ర్యామ్ బోర్డుకే అతికి ఉండి, పెంచుకునే స్లాటు కూడా లేకపోతే ఎస్‌ఎస్‌డీ వేసినా సగం సుఖమే. స్లాటు ఉంటే ఎటూ మూత తెరుస్తున్నారు కాబట్టి 8 జీబీ చేసుకోండి.

ఏ ఎస్‌ఎస్‌డీ కొనాలి

ఇక్కడ పొరపాటు పడితే తిరిగి షాపుకు పోవాలి. కాబట్టి కొనేముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దించుకోండి. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ వెబ్‌సైట్లలో ఉచితంగానే పెడతాయి. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న పూర్తి మోడల్ నంబరు కొట్టి వెతకాలి. ఏ స్క్రూ ఎక్కడుందో, ఏ స్లాటుకు ఏది పడుతుందో అందులో బొమ్మలతో సహా ఉంటుంది. నేను చెప్పే దానికన్నా దాన్నే ఎక్కువ నమ్మండి.

రకాలు మూడు. పాత ల్యాప్‌టాప్‌లకు పట్టేది రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. పాత డిస్కు ఉన్న చోటే సరిగ్గా కూర్చుంటుంది. సెకనుకు సుమారు 550 ఎంబీ వేగం. మందం 7 మిల్లీమీటర్లు. మీ పాత డిస్కు 9.5 మిల్లీమీటర్లదైతే కొత్తది కాస్త వదులుగా ఉంటుంది గానీ ఫ్రేముకు స్క్రూలు బిగిస్తే కదలదు. రెండోది ఎం.2 ఎన్‌వీఎంఈ. చూయింగ్ గమ్ పలకలా ఉంటుంది, వెడల్పు 22, పొడవు ఎక్కువగా 80 మిల్లీమీటర్లు. మూడో తరం పీసీఐఈది సెకనుకు 3500 ఎంబీ దాకా పోతుంది. మూడోది చూడ్డానికి దానిలాగే ఉండే ఎం.2 సాటా. వేగం మాత్రం మొదటిదానిదే.

తిరకాసంతా ఈ చివరి రెండింటితోనే. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎం.2 స్లాటు ఉన్నా అది సాటాను మాత్రమే గుర్తిస్తుంది, కొన్ని ఎన్‌వీఎంఈని మాత్రమే. చిప్పు అంచున ఒకే గాటు ఉంటే ఎక్కువగా ఎన్‌వీఎంఈ, రెండు గాట్లుంటే ఎక్కువగా సాటా. "ఎక్కువగా" అన్నాను చూడండి, అందుకే మాన్యువల్ చూడమనేది. ఇంకొకటి, వైఫై కార్డు కూడా అలాంటి స్లాటులోనే ఉంటుంది. దాన్ని చూసి ఎస్‌ఎస్‌డీ స్లాటు అనుకున్నవాళ్లు నాకు తెలుసు.

సైజు 500 జీబీ తీసుకోండి. 256కు, దీనికి ధరలో తేడా చూశాక 256 కొనబుద్ధి కాదు. లోపలి చిప్పుల్లోనూ రకాలున్నాయి, దొరికితే టీఎల్‌సీ రకం అడగండి. క్యూఎల్‌సీ చవక, కానీ పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు మధ్యలో నీరసపడుతుంది. రాసి రాసి ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం మాత్రం వదిలేయండి. 500 జీబీ టీఎల్‌సీ డిస్కు మీద 300 టీబీడబ్ల్యూ (అంటే మొత్తం మీద 300 టీబీ రాయొచ్చని) అని ఉంటే, రోజుకు 20 జీబీ చొప్పున రాసినా ఆ లెక్క పూర్తి కావడానికి 40 ఏళ్లు పడుతుంది. అంతకాలం ఆ ల్యాప్‌టాప్ కీళ్లు నిలవవు.

కొనడం మీ ఊళ్లోనా, ఆన్‌లైన్‌లోనా, బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు పోయా అన్నది మీ ఇష్టం. అనంతపురం నుంచి ఎస్‌పీ రోడ్డుకు పోయొస్తే ఒక రోజు పోతుంది. ఒక్క డిస్కు కోసం ఐతే బస్సు చార్జీలు కూడా కలిపి చూసుకోండి. ఎక్కడ కొన్నా మూడేళ్లో ఐదేళ్లో వారంటీ ఉన్నదే తీసుకోండి, బిల్లు మీ పేరున రాయించుకోండి. చిల్లర ధరకు 2 టీబీ అని అమ్మేవాటి జోలికి పోవద్దు. సైజు ఎక్కువ చూపించేలా లోపల లెక్క మార్చినవే ఎక్కువ, నింపేకొద్దీ పాత ఫైళ్లు మాయమవుతాయి.

శనివారం రాత్రి: బ్యాకప్

"నావన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి సార్, ఏం కాదు." ఈ మాట నా షాపులో నెలకు నాలుగుసార్లైనా వింటాను. సీ, డీ, ఈ అన్నవి ఒకే ఇంట్లో గదులు. మీరు ఇల్లే మారుస్తున్నారు. డీలో ఉన్నది కూడా ఆ పాత డిస్కు మీదే ఉంది.

ముందు ఆ డిస్కు ఆరోగ్యం చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో గుడ్ అని ఉంటే సరే. కాషన్ అని పసుపు రంగులో కనిపిస్తే ఇంకేం పనీ పెట్టుకోకుండా, ముఖ్యమైన ఫోటోలు, కాగితాలు మొదట బయటికి లాగేయండి. ఆ స్థితిలో డిస్కును ఎంత తిప్పితే అంత ప్రమాదం.

తర్వాత ఒక ఎక్స్‌టర్నల్ డిస్కుకు కాపీ మొదలుపెట్టండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అందరికీ గుర్తుంటాయి. గుర్తురానివి ఇవి: సీ డ్రైవ్‌లో నేరుగా పెట్టిన ఫోల్డర్లు, ట్యాలీ డేటా ఫోల్డరు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, బుక్‌మార్కులు, ఔట్‌లుక్ వాడేవాళ్లకు దాని పీఎస్‌టీ ఫైలు. నాలాగా డీటీపీ పని చేసేవాళ్లైతే ఫాంట్లు. అను ఫాంట్లలో కొట్టిన పెళ్లి పత్రిక ఫైలు, ఆ ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి తప్ప వధువు పేరు కూడా కనబడదు. మీసేవ తరహా పని చేసేవాళ్లు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవరు, వేలిముద్ర మిషన్ ఆర్‌డీ సర్వీసు ఎక్కడి నుంచి దించుకున్నారో రాసిపెట్టుకోండి. సోమవారం పొద్దున్నే జనం వరసలో నిలబడ్డాక వెతుక్కుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ప్రోగ్రాంల జాబితాకు సులువు దారి ఒకటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, కిందికి జరుపుకుంటూ ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. మా మేనకోడలు ఐదు ఫోటోల్లో ముగించింది.

కాపీ అయ్యాక బ్యాకప్ డిస్కు మీదున్న ఫైళ్లను అక్కడక్కడా తెరిచి చూడండి, వీలైతే వేరే కంప్యూటర్‌లో. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

ఇక బిట్‌లాకర్, అంటే డిస్కులోని డేటాకు విండోస్ వేసే తాళం. చాలా ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని వెతికి చూడండి. ఆన్‌లో ఉంటే ఆ పాత డిస్కును బయటికి తీసి ఎక్కడ తగిలించినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కువగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. లాగిన్ అయి, కాగితం మీద రాసుకోండి. ఫోటో తీసి అదే ల్యాప్‌టాప్‌లో దాచే తెలివి వద్దు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో కూడా ఈ రాత్రే తేలిపోవాలి.

క్లోన్ చేస్తే ఇదంతా తప్పుతుంది కదా అంటారు. తప్పుతుంది. క్లోన్‌జిల్లా ఉచితం, పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించుతుంది. ఐతే కొత్త డిస్కు పాతదానికన్నా చిన్నదైతే నేరుగా కుదరదు. 1 టీబీ నుంచి 500 జీబీకి పోయేవాళ్లకు ముందు పార్టిషన్లు కుదించే పని పడుతుంది. పైగా ఏడేళ్ల చెత్త కూడా వెంట వస్తుంది. సీడీ పోయిన పాత సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉండి, మళ్లీ ఎక్కించే దారి లేనివాళ్లకే నేను క్లోన్ చెబుతాను.

శనివారం రాత్రే: పెన్‌డ్రైవ్

కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకొని నడిపితే విండోస్‌ను అదే దించి పెన్‌డ్రైవ్‌లో పెడుతుంది. నాలుగైదు జీబీల పైనే దిగాలి, కాబట్టి మొబైల్ డేటాతో కాకుండా వైఫైతో చేయండి. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్, "యాక్టివేటెడ్ విండోస్" అని దొరికే ఫైళ్లు ముట్టుకోవద్దు. ఒక షాపువాళ్లు మా బంధువు మెషీన్‌లో అలాంటిది ఎక్కించి డబ్బు తీసుకున్నారు. ఆ ల్యాప్‌టాప్‌కు అసలైన లైసెన్సు ముందే ఉంది!

అవును, మీకు కీ కొనే పని ఉండకపోవచ్చు. విండోస్ 8 కాలం నుంచి, విండోస్‌తో సహా కొన్న ల్యాప్‌టాప్‌లలో కీ మదర్‌బోర్డు బయాస్‌లోనే (ఆన్ చేయగానే విండోస్‌కన్నా ముందు లేచే ప్రోగ్రాంలో) ఉంటుంది. డిస్కు మారినా అది పోదు. పెన్‌డ్రైవ్ ఆ కీ చూసి ఏ ఎడిషన్ వేయాలో తనే తేల్చుకుంటుంది. మన దేశంలో అమ్మినవాటిలో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎక్కువ. ఎడిషన్ అడిగితే పాతది ఏదో అదే ఎంచుకోండి. హోమ్ లైసెన్సు ఉన్నచోట ప్రో వేస్తే యాక్టివేట్ కాదు.

10 వేయాలా, 11 వేయాలా? విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం పెట్టారు, దాని గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, 4 జీబీ ర్యామ్, ఇంటెల్ ఐతే ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి. మా మేనకోడలిది ఎనిమిదో తరం ఐ5, గట్టెక్కింది. ఆరో తరం, ఏడో తరం వాళ్లకు రూఫస్ అనే టూల్‌తో ఆ తనిఖీలు దాటించే దారి ఉంది, కానీ అలా వేసిన మెషీన్‌కు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఇంటర్‌నెట్, వీడియోలు, నాలుగు ఉత్తరాలు టైపు చేసుకోవడం మాత్రమే ఐతే విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసుకోండి, హాయిగా నడుస్తుంది.

పెన్‌డ్రైవ్‌లోనే ఒక పక్కన మీ మోడల్ వైఫై డ్రైవరు కాపీ చేసిపెట్టండి. ఇంటెల్ పదకొండో తరం, ఆ తర్వాతి వాటికి ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవరు కూడా జిప్ విప్పి పెట్టండి. ఎందుకో కింద తెలుస్తుంది.

ఆదివారం పొద్దున: మూత విప్పడం

కావలసినవి తక్కువే. పీహెచ్0 కొస ఉన్న చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, పాత సిమ్ కార్డు ఫ్రేమో గిటార్ పిక్కో, ఒక తెల్ల కాగితం, సెల్లో టేపు. సర్ఫ్ ప్యాకెట్‌తో వచ్చిన స్క్రూడ్రైవర్ వాడొద్దు, స్క్రూ తల తినేస్తుంది.

స్టాటిక్ కరెంటు సంగతి మన వైపు ఇంకా గట్టిగా చెప్పాలి. అనంతపురంలో వానలే తక్కువ, ఎండాకాలం గాలిలో తేమ ఉండదు. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి ఇనుప బీరువా ముట్టుకుంటే చురుక్కుమంటుంది చూడండి, ఆ చురుకు చిప్పుకు తగిలితే అది చావొచ్చు. నూలు బట్టలు కట్టుకోండి, దుప్పటి మీద కాకుండా చెక్క బల్ల మీద పని చేయండి, మధ్యమధ్యలో బీరువానో కిటికీ ఊచనో ముట్టుకోండి. రంగు లేని ఇనుము ఐతే మేలు.

షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ కొట్టండి. అలా చేస్తే సగం నిద్రలో కాకుండా పూర్తిగా ఆగిపోతుంది. ఛార్జర్ తీసేయండి. బ్యాటరీ బయటికి వచ్చేదైతే తీసి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి.

కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీయండి. ఏ స్క్రూ తీస్తే దాన్ని బొమ్మలో అదే చోట టేపుతో అతికించండి. స్క్రూలన్నీ ఒకే పొడవుండవు. పొట్టి స్క్రూ రంధ్రంలో పొడుగుది బిగిస్తే అది పైకి పొడుచుకొచ్చి పామ్‌రెస్టును పగలగొడుతుంది, లేదా బోర్డును. స్క్రూలన్నీ తీసినా మూత రాకపోతే లాగొద్దు. రబ్బరు పాదాల కింద, డీవీడీ డ్రైవ్ కింద దాక్కున్నవి ఉంటాయి. అన్నీ అయ్యాక అంచు సందులో సిమ్ ఫ్రేము దూర్చి మెల్లగా జరుపుతూ పోతే క్లిప్పులు టక్ టక్ మంటూ వస్తాయి. ఆ చప్పుడుకు మా మేనకోడలు "అయ్యో, ఇరిగిపాయ మామా" అని రెండుసార్లు వణికింది. ఏం విరగలేదు. కొన్ని పాత మోడళ్లలో కీబోర్డు కూడా ఎత్తాలి. దాని కింద కాగితంలాంటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది, దాని నల్ల రెప్పను గోటితో లేపాకే కేబుల్ లాగాలి.

లోపల మొట్టమొదటి పని బ్యాటరీ కనెక్టరు ఊడదీయడం. తర్వాత మిగతావి.

రెండున్నర అంగుళాల డిస్కైతే ఫ్రేముతో సహా బయటికి వస్తుంది. పక్కల నాలుగు స్క్రూలు విప్పి ఫ్రేమును కొత్తదానికి వేసి, అదే కనెక్టరులో తోయండి. ఆ కేబుల్ సున్నితం, డిస్కును పట్టి లాగండి గానీ కేబుల్‌ను కాదు. ఎం.2 ఐతే ముప్పై డిగ్రీల వాలుగా దూర్చి, ఆనుకున్నాక రెండో కొసను కిందికి వంచి స్క్రూ బిగించాలి. ఆ బుల్లి స్క్రూ చాలా ల్యాప్‌టాప్‌లలో ఖాళీ స్లాటు దగ్గరే బిగించి ఉంటుంది. లేకపోతే రిపేరు షాపులో ఎం2 స్క్రూ అని అడగండి. ఎస్‌ఎస్‌డీ మీద కాగితం స్టిక్కరు పీకొద్దు, వారంటీ పోతుంది.

మూత తెరిచినప్పుడే ఫ్యాను దుమ్ము మెత్తటి కుంచెతో దులపండి. మాకు ఒక చిన్న గుప్పెడు వచ్చింది.

పాత డిస్కును తీసి పక్కన పెట్టాకే విండోస్ వేయండి

ఎం.2 స్లాటు వేరే ఉన్నవాళ్లు పాత హార్డ్ డిస్కును డీ డ్రైవ్‌గా ఉంచుకోవాలనుకుంటారు. ఉంచుకోండి, కానీ విండోస్ వేసే సమయానికి దాని కేబుల్ ఊడదీయండి. దీనికి రెండు కారణాలు. మొదటిది, రెండు డిస్కులుంటే విండోస్ తన బూట్ పార్టిషన్‌ను పాతదాని మీద పెట్టే అవకాశం ఉంది. తర్వాతెప్పుడో పాత డిస్కు చస్తే కొత్తది కూడా లేవదు.

రెండోది నా అనుభవం. కొన్నేళ్ల కిందట మా తోడల్లుడి ల్యాప్‌టాప్ చేస్తూ బద్ధకించి రెండూ ఉంచేశాను. పాతది 500 జీబీ, కొత్తదీ 500 జీబీ. కంపెనీలు 500ను వెయ్యి లెక్కన కొలుస్తాయి, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది కాబట్టి రెండూ 465 అనే చూపిస్తున్నాయి. నేను డిలీట్ కొట్టింది పాతదాని మీద. వాళ్ల పాప నామకరణం ఫోటోలు అందులోనే ఉన్నాయి. నెక్స్ట్ కొట్టకముందే ఒంట్లో చెమట పట్టి చేయి ఆగింది. మెషీన్ ఆపేసి, ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాంతో రాత్రంతా కూర్చొని పార్టిషన్ తిరిగి తెచ్చాను. పార్టిషన్ చెరిపితే చెరిగేది పట్టిక మాత్రమే, దాని మీద కొత్తగా ఏమీ రాయనంతవరకు లోపలి సరుకు ఉంటుంది. ఆ సంగతి తోడల్లుడికి ఈ రోజుకీ తెలియదు.

విండోస్ ఎక్కించడం

బ్యాటరీ కనెక్టరు తిరిగి పెట్టి, మూత బిగించి, ఛార్జర్ తగిలించి, పెన్‌డ్రైవ్ గుచ్చండి. ఆన్ చేసిన వెంటనే, దేని నుంచి లేవాలో అడిగే బూట్ మెనూ కోసం కీబోర్డు మీద దాని బటన్ నొక్కాలి. డెల్, లెనోవో ఎఫ్12, హెచ్‌పీ ఎఫ్9, ఏసుస్ ఎస్కేప్. ఏసర్ కూడా ఎఫ్12నే గానీ, ముందు ఎఫ్2తో బయాస్‌లోకి పోయి ఆ మెనూను ఆన్ చేయాల్సి రావచ్చు. లెనోవో కొన్నింటికి పక్కన సూది దూర్చే నోవో బటన్ ఉంటుంది. ముందు ఒకసారి బయాస్‌లోకి పోయి ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తోందో లేదో చూసుకోండి. కనిపించకపోతే సరిగ్గా కూర్చోలేదన్నమాట. బూట్ మోడ్ లెగసీ కాకుండా యూఈఎఫ్‌ఐ ఉండాలి.

మొదట అడిగే కీబోర్డు ప్రశ్న దగ్గర యూకే పెట్టొద్దు, పెడితే ఎట్ గుర్తు, కోట్ గుర్తు చోట్లు మారిపోయి ఈమెయిల్ రాసేటప్పుడల్లా తిట్టుకుంటారు. కీ అడిగితే "నా దగ్గర కీ లేదు" అన్న వరస నొక్కండి. డిస్కులు చూపించే తెరలో ఒకే ఒక్కటి, అన్అలొకేటెడ్ అని ఉండాలి. దాన్ని ఎంచుకొని నెక్స్ట్. పార్టిషన్లు మీరు చేయక్కర్లేదు, అదే చేసుకుంటుంది.

ఆ తెర ఖాళీగా ఉండి డిస్కే కనిపించకపోతే గాభరా పడొద్దు. ఇంటెల్ కొత్త తరాల్లో వీఎండీ అనే ఏర్పాటు వల్ల ఇలా అవుతుంది. లోడ్ డ్రైవర్ నొక్కి, రాత్రి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న ర్యాపిడ్ స్టోరేజ్ ఫోల్డరు చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది.

ఇరవై నిమిషాల్లోపు కాపీ అయి, దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు మళ్లీ ఏ బటనూ నొక్కొద్దు. మొదటి తెరే మళ్లీ వచ్చిందంటే పెన్‌డ్రైవ్ నుంచి లేచిందన్నమాట, పెన్‌డ్రైవ్ లాగేసి ఇంకోసారి ఆన్ చేయండి. మాకు సరిగ్గా సగంలో కరెంటు పోయింది, బ్యాటరీ అరిగిపోయినది కాబట్టి మెషీన్ కూడా ఆరిపోయింది. కొత్త డిస్కు మీద పోవడానికి ఏముంది? కరెంటు వచ్చాక మొదటి నుంచి మొదలుపెట్టాం, అంతే.

విండోస్ 11 ఇంటర్‌నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. వైఫై కనిపించకపోతే ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వచ్చేస్తుంది.

డెస్క్‌టాప్ వచ్చాక

అప్‌డేట్లు ఆగేదాకా విండోస్ అప్‌డేట్ నడపండి, రెండు మూడు రీస్టార్ట్‌లు పడతాయి. తర్వాత డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులు మిగిలితే వాటి డ్రైవర్లు ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచే దించుకోండి. డ్రైవర్లు వెతికిపెడతామనే ప్రోగ్రాంలు వద్దు. యాక్టివేషన్ పేజీలో డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయిందని ఉండాలి.

రాత్రి బిట్‌లాకర్ గురించి చెప్పాను కదా, అది మళ్లీ వస్తుంది. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ ఐతే డిస్కు ఎన్‌క్రిప్షన్ తనంతట తనే ఆన్ అవుతుంది. కొత్త రికవరీ కీ ఎక్కడుందో చూసి, పాత కీ రాసిన కాగితం మీదే దాన్నీ రాయండి. ఏది ఏ డిస్కుదో పక్కన రాయడం మరిచిపోవద్దు.

తెలుగు కోసం లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చితే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఫొనెటిక్ కీబోర్డు కూడా దొరుకుతుంది. విండోస్ గుర్తున్న బటన్, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. డీఫ్రాగ్మెంట్ మాత్రం చేయకండి. అది తిరిగే డిస్కుల కాలపు పని. ఆప్టిమైజ్ డ్రైవ్స్‌ను దాని మానాన వదిలేస్తే ఎస్‌ఎస్‌డీకి కావలసిన ట్రిమ్ (చెరిపిన ఫైళ్ల చోటు ఖాళీ అని డిస్కుకు చెప్పడం) అదే చేసుకుంటుంది.

పాత డిస్కు

రెండున్నర అంగుళాల యూఎస్‌బీ 3.0 కేసు ఒకటి కొని పాత డిస్కును అందులో వేస్తే ఎక్స్‌టర్నల్ డ్రైవ్ అవుతుంది. నీలం రంగు పోర్టులో గుచ్చండి. పాత యూజర్ ఫోల్డరు తెరవబోతే అనుమతి లేదంటుంది, కంటిన్యూ నొక్కితే కాసేపటికి తెరుచుకుంటుంది. బిట్‌లాకర్ ఉన్నదైతే పాత కీ అడుగుతుంది.

కానీ కనీసం ఒక నెల దాన్ని ఫార్మాట్ చేయొద్దు. బ్యాకప్‌లో రానిది ఏదో ఒకటి తప్పకుండా గుర్తొస్తుంది. మా మేనకోడలికి తొమ్మిదో రోజున గుర్తొచ్చింది: ల్యాబ్ రికార్డు సీ డ్రైవ్‌లో పేరు పెట్టని న్యూ ఫోల్డరులో ఉందట. తెచ్చిచ్చాను. ఆ డిస్కు మీద స్కెచ్ పెన్‌తో తేదీ రాసి నా షాపు అల్మరలో పెట్టాను. నెల నిండాక క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ కొట్టి, ఆ పిల్లకే బ్యాకప్ డిస్కుగా ఇస్తాను. అమ్మేసే ఉద్దేశం మీకుంటే మీరు కూడా ఆ టిక్కు తీసేసే ఫార్మాట్ చేయండి. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.